తల్లుల మాట ఆలకించిన వైద్యురాలు – ఆలిస్ స్టీవర్ట్

1895వ సంవత్సరంలో జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. అంతవరకు వైద్యుడు నాడి పట్టి, పొట్ట తట్టి, శ్వాస విని లోపలి వ్యాధిని ఊహించవలసి వచ్చేది. కత్తి పెట్టనవసరం లేకుండానే శరీరాంతర్భాగాలను చూడగలిగే భాగ్యం ఈ కిరణాల వలన మానవునికి కలిగింది. విరిగిన ఎముక, దిగబడిన తూటా, ఊపిరితిత్తులలోని క్షయ కంటికి కనిపించసాగాయి. ఈ ఆవిష్కరణ కోట్లాది ప్రాణాలను కాపాడింది. ఇందులో సందేహం లేదు. అయితే ప్రతి ఔషధానికి మోతాదు ఉన్నట్లే కిరణానికీ మోతాదు ఉంటుంది. వ్యాధిని గుర్తించడానికి తీసే ఒక చిన్న చిత్రం కూడా ఎవరికైనా హాని చేయవచ్చునా అనే ప్రశ్నను వేసి, దానికి లెక్కలతో సమాధానం చెప్పిన తొలి వ్యక్తి ఆలిస్ స్టీవర్ట్. ఆ సమాధానాన్ని లోకం అంగీకరించడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

ఆలిస్ మేరీ నేయిష్ 1906 అక్టోబరు 4వ తేదీన ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో జన్మించింది. షెఫీల్డ్ ఉక్కు పరిశ్రమకు పేరెన్నికగన్న పట్టణం. ఆమె తల్లి లూసీ, తండ్రి ఆల్బర్ట్ ఇద్దరూ వైద్యులే. స్త్రీలు వైద్యవిద్య చదవడమే అరుదైన ఆ రోజులలో తల్లి వైద్యురాలు కావడం విశేషం. ఆ దంపతులు పసిపిల్లల ఆరోగ్య సంరక్షణకు ఎంతో కృషి చేసి నగర ప్రజల ఆదరం పొందారు. ఎనిమిది మంది సంతానంలో మూడవదైన ఆలిస్, రోగిని ప్రేమతో పలకరించడం, అతడు చెప్పేది ఓపికతో వినడం అనే సుగుణాలను ఇంటిలోనే నేర్చుకొంది.

1925లో ఆమె కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని గిర్టన్ కళాశాలలో వైద్య విద్యార్థినిగా చేరింది. సుమారు 300 మంది పురుషుల నడుమ ఉన్న స్త్రీలు నలుగురు మాత్రమే. ఉపన్యాసశాలలో ముందు వరుసకు ఆమె మెట్లు దిగి నడుస్తుంటే, ఒక్కొక్క అడుగుకూ మగ విద్యార్థులందరూ ఒక్కుమ్మడిగా కాళ్ళు నేలకు తాటించి పరిహసించారట. ఆ అవమానానికి ఆమె కుంగిపోలేదు, చదువు మానలేదు. తరువాత లండనులోని రాయల్ ఫ్రీ వైద్యశాలలో శిక్షణ పొంది, 1932 నాటికి వైద్యవిద్యను పూర్తిచేసింది. 1933లో ఉపాధ్యాయుడైన లుడోవిక్ స్టీవర్ట్‌ను వివాహమాడింది. వారికి ఇద్దరు పిల్లలు. కొంతకాలానికి ఆ వివాహబంధం తెగిపోయింది. ఉద్యోగ ధర్మాన్ని, మాతృధర్మాన్ని ఆమె ఏకకాలంలో నిర్వహించవలసి వచ్చింది.

రెండవ ప్రపంచ యుద్ధం ఆమె జీవితాన్ని కొత్త మార్గానికి మళ్ళించింది. ఆ కాలంలో ఆయుధ కర్మాగారాలలో టి.ఎన్.టి. అనే పేలుడు పదార్థాన్ని గుండ్లలో నింపే కార్మికులు కామెర్లతోను, రక్తహీనతతోను బాధపడేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న ఆలిస్ ఈ సమస్యను పరిశోధించింది. ఆరోగ్యవంతులైన విద్యార్థులను స్వచ్ఛందంగా ఆ పనిలోకి రప్పించి, పనికి ముందు, పని తరువాత వారి రక్తాన్ని పరీక్షించి, ఆ పదార్థం రక్తంపై చూపే ప్రభావాన్ని గుర్తించింది. ఒక రోగికి చికిత్స చేయడం ఒక ఎత్తు. వందలమంది ఒకే రోగం పాలవుతున్నప్పుడు దానికి కారణమేమిటో తెలుసుకోవడం మరొక ఎత్తు. ఈ రెండవ మార్గమే ఆమెకు జీవితకాలపు కృషి అయింది. 1946లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొని ఫెలో గౌరవాన్ని ఇచ్చింది. నలభై యేండ్లు నిండకముందే ఈ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమెయే.

ఆ రోజులలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య జాన్ రైల్ నాయకత్వాన సాంఘిక వైద్య సంస్థ ఒకటి ఏర్పడింది. సమాజంలో రోగాలు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో పరిశీలించడం దాని ధ్యేయం. ఆలిస్ ఆ సంస్థలో చేరింది. 1950లో రైల్ మరణించగా విశ్వవిద్యాలయం ఆ సంస్థ స్థాయిని తగ్గించి చిన్న విభాగంగా మార్చింది. ఆ విభాగానికి ఆలిస్‌ను అధిపతిగా నియమించారు. నిధులు అంతంతమాత్రం, సహాయకులు కొద్దిమంది. ఇటువంటి స్థితిలో ఉన్నవారు సాధారణంగా పెద్ద సమస్యల జోలికి పోరు. ఆమె మాత్రం ఆనాడు వైద్యలోకాన్ని కలవరపెడుతున్న ఒక పెద్ద సమస్యనే చేపట్టింది.

బ్రిటనులో అప్పుడు లుకేమియా అనే రక్త క్యాన్సరు వలన మరణించేవారి సంఖ్య పెరుగుతూ వచ్చింది. రెండు నుండి నాలుగేళ్ళ లోపు పసివారు దీని వాత పడడం ఆమెను ఆలోచింపజేసింది. పొగ తాగడం, కర్మాగారపు ధూళి, వార్ధక్యం వంటి కారణాలు రెండేళ్ళ శిశువుకు వర్తించవు. కాబట్టి కారణం శిశువు పుట్టకముందే, తల్లి గర్భంలో ఉండగానే జరిగి ఉండవచ్చునని ఆమె ఊహించింది. గర్భంలో జరిగినదానికి సాక్ష్యం చెప్పగలవారెవరు? శిశువు చెప్పలేదు. వైద్యశాల రికార్డులలో అన్నీ ఉండవు. తెలిసిన వ్యక్తి తల్లి ఒక్కతే. నెలలు మోసి, కని, పెంచి, పోగొట్టుకొన్న తల్లికి ఆ తొమ్మిది నెలలలోని ప్రతి చిన్న సంగతీ గుర్తుంటుందని ఆలిస్ నమ్మింది. తానూ తల్లి కావడం వలన ఈ ఆలోచన ఆమెకు సహజంగానే తట్టి ఉండవచ్చు.

పరిశోధనకు ధనం కావాలి. ఈ ఘట్టంలో మన దేశానికి గర్వకారణమైన విషయం ఒకటి ఉంది. భారతీయ పారిశ్రామికవేత్త సర్ దోరాబ్జీ టాటా సతీమణి మెహర్‌బాయి 1931లో లుకేమియాతోనే మరణించింది. ఆమె స్మృత్యర్థం 1932లో ఏర్పాటైన లేడీ టాటా స్మారక నిధి ఆ వ్యాధిపై పరిశోధించేవారికి, వారు ఏ దేశస్థులైనా సరే, సాయం చేస్తూ వచ్చింది. ఆలిస్‌కు లభించిన 1,000 పౌండ్ల విరాళం ఆ నిధి నుండి వచ్చినదే. భార్యను కోల్పోయిన ఒక భారతీయుని దుఃఖం నుండి పుట్టిన ధర్మనిధి, బిడ్డలను కోల్పోయిన ఆంగ్ల మాతల దుఃఖానికి కారణం వెదకడానికి తోడ్పడింది.

వెయ్యి పౌండ్లతో దేశమంతా తిరిగి పరిశోధకులను నియమించడం అసాధ్యం. అందువలన ఆలిస్ ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలలోని స్థానిక ఆరోగ్యాధికారుల సహాయం కోరింది. 1953 నుండి 1955 వరకు క్యాన్సరుతో మరణించిన పదేళ్ళ లోపు పిల్లల తల్లులను వారి సిబ్బంది కలిసి ఒక ప్రశ్నావళి పూర్తిచేయాలి. మరణించిన ప్రతి శిశువుకు సరిజోడుగా అదే ప్రాంతంలో, అదే వయసుగల, ఆరోగ్యంగా ఉన్న మరొక శిశువు తల్లిని కూడా అవే ప్రశ్నలు అడగాలి. ఉభయుల సమాధానాలను పోల్చి చూస్తే తేడా బయటపడుతుంది. తల్లి తిన్న ఆహారం, వచ్చిన జబ్బులు, వాడిన మందులు మొదలైన అనేక ప్రశ్నల నడుమ, గర్భిణిగా ఉన్నప్పుడు ఎక్స్-రే తీయించుకొన్నారా అనేది ఒక ప్రశ్న.

ఆ కాలపు పరిస్థితిని కొంత తెలుసుకొంటే గాని ఈ ప్రశ్న విలువ బోధపడదు. అధిక మోతాదులో ఎక్స్-కిరణాలు చర్మాన్ని కాలుస్తాయని, ఆ యంత్రాలతో నిత్యం పనిచేసిన తొలితరం వైద్యులు, సాంకేతికులు క్యాన్సరు పాలయ్యారని అప్పటికే తెలుసు. కాని రోగ నిర్ధారణ కోసం వాడే స్వల్ప మోతాదు నిరపాయకరమని అందరూ భావించేవారు. చెప్పుల దుకాణాలలో సైతం పిల్లల పాదాలను ఎక్స్-రే యంత్రంలో చూపి బూట్ల కొలత సరిచూసేవారు. గర్భిణీ స్త్రీలకు కటి ప్రదేశపు వైశాల్యం కొలవడానికి, శిశువు తల ఏ వైపున ఉందో చూడడానికి, కవలలున్నారేమో తెలుసుకోవడానికి ఎక్స్-రే తీసేవారు. దానివలన సుఖప్రసవం అవుతుందని వైద్యులు విశ్వసించారు. వారి ఉద్దేశం మంచిదే.

తిరిగివచ్చిన పత్రాలను ఆలిస్ పరిశీలించగా మొదటి కొద్ది పదుల పత్రాలలోనే తేడా కనిపించింది. 1956లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రాథమిక ఫలితాలు ప్రకటించింది. మరణించిన 547 మంది పిల్లల తల్లులలో 85 మందికి గర్భకాలంలో పొట్టకు ఎక్స్-రే తీశారు. అంతే సంఖ్యలో ఉన్న ఆరోగ్యవంతులైన పిల్లల తల్లులలో 45 మందికి మాత్రమే తీశారు. అంటే దాదాపు రెట్టింపు. లుకేమియాలోనే కాక ఇతర క్యాన్సర్లలోను ఇదే తేడా కనిపించింది. 1958లో డేవిడ్ హెవిట్, జోసెఫీన్ వెబ్ అనే సహచరులతో కలిసి మరింత విస్తృతమైన నివేదికను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. ఫలితం మారలేదు.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. బాల్యంలో క్యాన్సరు చాలా అరుదైన వ్యాధి. వేలమందిలో ఒకరికి వచ్చే వ్యాధి రెట్టింపైనా, ఎక్స్-రే తీయించుకొన్న తల్లుల బిడ్డలలో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. ఒక వైద్యుడు తన జీవితకాలంలో చూసే రోగులలో ఈ హాని కంటికి కనబడదు. దేశమంతటి లెక్కలు ఒకచోట చేర్చినప్పుడే కనబడుతుంది. అలా కనబడకపోవడమే దాని ప్రమాదం. లక్షల సంఖ్యలో తల్లులకు ఆ పరీక్ష చేస్తూ పోతే, ఏ వైద్యునికీ తెలియకుండానే, ఎవరి తప్పూ అని వేలు చూపలేకుండానే, కొందరు పసివారు ప్రతి సంవత్సరం బలి అవుతుంటారు.

ఈ ఫలితాలు వైద్యలోకానికి రుచించలేదు. తాము మేలు తలచి చేసిన పరీక్ష కీడు చేసిందని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. అణువిద్యుత్తుపై, అణ్వాయుధాలపై ప్రభుత్వాలు గొప్ప ఆశలు పెట్టుకొన్న కాలం కావడం వలన స్వల్ప వికిరణం హానికరమన్న మాట పాలకులకూ ఇబ్బందికరమైంది. విమర్శకులు ఒక బలమైన ఆక్షేపణ తెచ్చారు. బిడ్డను కోల్పోయిన తల్లి కారణం కోసం గతాన్ని తవ్వుకొంటూ ఉంటుంది కాబట్టి ఆమెకు ఎక్స్-రే సంగతి గుర్తుంటుందని, బిడ్డ క్షేమంగా ఉన్న తల్లి దానిని మరచిపోతుందని, కనిపించిన తేడా కిరణాలది కాదు, జ్ఞాపకాలదేనని వారి వాదం. 1960లో రిచర్డ్ డాల్, కోర్ట్ బ్రౌన్ అనే ప్రసిద్ధ పరిశోధకులు గర్భంలో ఎక్స్-రేకు గురైన సుమారు 39,000 మంది పిల్లల వివరాలు పరిశీలించి, లుకేమియా పెరిగిన జాడ లేదని ప్రకటించారు. పొగ తాగడానికి, ఊపిరితిత్తుల క్యాన్సరుకు గల సంబంధాన్ని రుజువు చేసిన మహామేధావి డాల్. ఆయన మాటకు తిరుగులేదు. ఆలిస్ ఒంటరిదైంది. స్వదేశంలో ఆమెకు పరిశోధనా నిధులు లభించడం గగనమైంది.

నిజం నిగ్గు తేలడానికి రెండేళ్ళు పట్టింది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ మెక్‌మాన్ ఆలిస్ వాదం తప్పేమోనన్న అనుమానంతోనే మరొక పరిశోధన చేశాడు. ఏ తల్లినీ ప్రశ్నించకుండా, ప్రసవానికి పూర్వమే ఆసుపత్రులలో రాసిపెట్టిన రికార్డులను ఆధారం చేసుకొన్నాడు. కాబట్టి జ్ఞాపకం గురించిన ఆక్షేపణ దీనికి వర్తించదు. ఏడు లక్షలకు మించిన జననాలను పరిశీలించి 1962లో ఫలితాలు వెల్లడించాడు. గర్భంలో ఎక్స్-రేకు గురైన పిల్లలలో క్యాన్సరు మరణాలు 40 శాతం అధికంగా ఉన్నాయి. తల్లుల జ్ఞాపకం అబద్ధం కాదని తేలింది. డాల్ పరిశీలనలో తేడా కనబడకపోవడానికి కారణం కూడా ఉంది. 39,000 మందిలో సహజంగా వచ్చే లుకేమియా కేసులు పది వరకే ఉంటాయి. అంత చిన్న అంకెలో నలభై శాతం పెరుగుదల ఉన్నా అది యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులలో కలిసిపోతుంది.

ఆలిస్ తన వాదం గెలిచిందని ఊరుకోలేదు. జార్జి నీల్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు ఆమెకు జీవితకాల సహచరుడయ్యాడు. ఆమె సిద్ధాంతాలు తప్పని నిరూపించడానికి ప్రయత్నించడమే తన విధి అని అతడు భావించేవాడు. ఎదుటివారు తప్పు పట్టకముందే తమ తప్పును తామే వెదకడం వారి పద్ధతి. 1970లో వారిద్దరూ మరొక ముఖ్యమైన సాక్ష్యం ప్రకటించారు. తీసిన ఎక్స్-రే చిత్రాల సంఖ్య పెరిగినకొద్దీ పిల్లలలో క్యాన్సరు ప్రమాదం కూడా పెరుగుతోందని వారు చూపారు. మోతాదు పెరిగితే ఫలితం పెరగడం కార్యకారణ సంబంధానికి బలమైన గుర్తు. ఆలిస్ ప్రారంభించిన బాల్య క్యాన్సరు సర్వే దశాబ్దాల తరబడి సాగి, ఈ రంగంలో ప్రపంచంలోనే ప్రముఖమైనదిగా పేరు పొందింది.

ఇదే కాలంలో గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే వైద్యుడు శబ్ద తరంగాలతో గర్భస్థ శిశువును చూసే అల్ట్రాసౌండ్ విధానాన్ని రూపొందించి 1958లో ప్రకటించాడు. హాని ఉందని ఆలిస్ చూపగా, హాని లేని దారిని డొనాల్డ్ చూపాడు. క్రమక్రమంగా గర్భిణులకు పొట్ట ఎక్స్-రే తీసే అలవాటు తగ్గిపోయింది. ఆలిస్ హెచ్చరికకు ఆచరణకు మధ్య గడచిన ఆ కాలంలో పుట్టిన పిల్లలకు మాత్రం ఆ మేలు అందలేదు. తొలుత ఆమెతో విభేదించిన డాల్ కూడా 1997లో వేక్‌ఫర్డ్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి అంతవరకు జరిగిన పరిశోధనలన్నీ సమీక్షించి, గర్భంలో పడిన స్వల్ప వికిరణం సైతం బాల్య క్యాన్సరు ప్రమాదాన్ని పెంచుతుందని నిర్ధారించాడు. సత్యం ముందు తలవంచడం ఓటమి కాదు. అది శాస్త్రజ్ఞుని లక్షణం.

1974లో ఆక్స్‌ఫర్డ్‌లో పదవీ విరమణ చేసిన ఆలిస్ విశ్రాంతి కోరలేదు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన కొనసాగించింది. అమెరికాలోని హాన్‌ఫర్డ్ అణ్వాయుధ కర్మాగార కార్మికుల ఆరోగ్య వివరాలను థామస్ మాంకూసో, నీల్‌లతో కలిసి విశ్లేషించి, భద్రమని చెప్పిన మోతాదులోనూ క్యాన్సరు ప్రమాదం ఉందని 1977లో ప్రకటించింది. అమెరికా ప్రభుత్వం మాంకూసోతో ఒప్పందాన్ని రద్దుచేసుకొంది. ఈ విశ్లేషణపై శాస్త్రజ్ఞుల మధ్య చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. అయినా కార్మికుల ఆరోగ్య వివరాలు ప్రభుత్వ రహస్యాలుగా ఉండరాదన్న ఆమె పట్టుదల వృథా కాలేదు. 1986లో ఆమెకు స్వీడన్‌లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం లభించింది. తొంభై యేండ్లు సమీపించినా పరిశోధన మానని ఆలిస్ 2002 జూన్ 23వ తేదీన, తొంభై ఐదేళ్ళ వయసులో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూసింది.

ఆమె కథ గర్భిణులతో ముగిసిపోలేదు. 1971 అక్టోబరులో లండనులో ఒక రోగి మెదడును గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. స్కాన్ యంత్రం మొదటిసారి చిత్రీకరించింది. ఈ యంత్రం ఎక్స్-కిరణాలనే అనేక కోణాల నుండి పంపి, కంప్యూటర్ సాయంతో శరీరాన్ని పొరలు పొరలుగా చూపుతుంది. మెదడులో రక్తస్రావాన్ని, ప్రమాదంలో తగిలిన లోగాయాన్ని నిమిషాలలో తెలుపుతుంది. అయితే అనేక కోణాల చిత్రానికి కిరణాల మోతాదు కూడా అధికం. వికిరణ ప్రభావాన్ని మిల్లీసీవర్ట్ అనే కొలతలో చెబుతారు. నేల, ఆకాశం, గాలి, ఆహారం నుండి ప్రకృతి సిద్ధంగా మానవునికి సంవత్సరానికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతాయి. ఛాతీ ఎక్స్-రేలో 0.1 లేదా అంతకన్నా తక్కువ. పొట్టకు తీసే సి.టి. స్కాన్‌లో దాదాపు 10. అనగా నాలుగేళ్ళ సహజ వికిరణం కొన్ని క్షణాలలో అందుతుంది. ఆలిస్ పరిశోధించిన నాటి గర్భిణుల ఎక్స్-రేలలో శిశువుకు అందిన మోతాదు కూడా ఇంచుమించు ఈ స్థాయిదే.

అందువలననే ఆమె వేసిన ప్రశ్నను నేటి శాస్త్రజ్ఞులు సి.టి. స్కాన్ విషయంలో మళ్ళీ వేశారు. 2012లో బ్రిటనులో సుమారు 1,78,000 మంది బాలబాలికల, యువకుల వివరాలతో ప్రచురితమైన పరిశోధన, బాల్యంలో స్కాన్ మోతాదు పెరిగినకొద్దీ లుకేమియా, మెదడు కణితుల ప్రమాదం పెరుగుతుందని చూపింది. తొమ్మిది ఐరోపా దేశాలలో దాదాపు తొమ్మిదిన్నర లక్షల మందిపై జరిగి 2023లో వెలువడిన పరిశోధన దీనిని ధ్రువపరచింది. నేటి మోతాదులలో స్కాన్ చేసిన 10,000 మంది పిల్లలలో ఒకరికి లేదా ఇద్దరికి తరువాతి పన్నెండేళ్ళలో ఈ కారణంగా రక్త సంబంధమైన క్యాన్సరు రావచ్చునని అది అంచనా వేసింది. ఇది చిన్న సంఖ్యే. తలకు బలమైన గాయమైన పిల్లవానికి స్కాన్ ప్రాణదానం చేస్తుంది. అక్కడ సంకోచించడమే ప్రమాదం. అవసరం లేని చోట తీసిన స్కాన్‌లో మాత్రం లాభం సున్న, నష్టం చిన్నదైనా నిజం.

మన దేశంలోనూ ఈ వివేకం అవసరమని కోవిడ్ కాలం తెలిపింది. 2021లో స్వల్ప లక్షణాలున్నవారు సైతం భయంతో ఛాతీ స్కాన్‌లు మళ్ళీ మళ్ళీ తీయించుకోగా, అది తగదని ప్రముఖ వైద్యులు బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది. కనుక విద్యార్థులు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. వైద్యుడు అవసరమని చెప్పిన స్కాన్‌ను భయపడి మానరాదు. తామే అడిగి తీయించుకోరాదు. ఈ స్కాన్ ఫలితం వలన చికిత్స మారుతుందా, అల్ట్రాసౌండ్‌తో సరిపోతుందా అని వినయంగా అడగడం రోగి హక్కు. పాత చిత్రాలను, రిపోర్టులను భద్రపరచి కొత్త వైద్యునికి చూపితే ఒకే పరీక్ష రెండుసార్లు చేయవలసిన పని ఉండదు. గర్భిణి అయిన స్త్రీ, లేదా గర్భం ఉండవచ్చునని అనుమానించే స్త్రీ, పరీక్షకు ముందే ఆ సంగతి తెలపాలి.

ఆలిస్ స్టీవర్ట్ చేతిలో గొప్ప ప్రయోగశాల లేదు. ఒక ప్రశ్నావళి, వెయ్యి పౌండ్లు, తల్లుల మాటపై గౌరవం మాత్రమే ఉన్నాయి. చదువుకొన్నవారు తరచుగా సామాన్యుల అనుభవాన్ని తేలికగా తీసివేస్తారు. ఆమె ఆ అనుభవాన్ని విన్నది. విన్నదానిని వెంటనే నమ్మేయకుండా లెక్కించింది. లెక్క తేలిన తరువాత ఎందరు కాదన్నా వెనుకకు తగ్గలేదు. నేడు ఆసుపత్రిలో ఎక్స్-రే గది ముందు, గర్భిణులు ముందుగా తెలియజేయవలెనని రాసి ఉన్న పలకను మనం చూస్తుంటాం. ఆ జాగ్రత్త వెనుక ఆమె సాగించిన సుదీర్ఘమైన పోరాటం, పేరు తెలియని ఎందరో తల్లులు కన్నీళ్ళతో చెప్పిన సమాధానాలు ఉన్నాయి.